మే నెలలో విశాఖ వెళ్ళి చందువా అడగకండి

ఒక్క చందువా చేప (పాంఫ్రెట్), 1,980 రూపాయలు. ముందు ఆ అంకె రాసేస్తే కాస్త మనసు తేలికపడుతుంది, అప్పుడు మిగతా విశాఖపట్నం గురించి కోపం లేకుండా రాయగలను.

ఖమ్మం నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఐదుగురం వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, అత్తయ్య, బావమరిది. శనివారం తెల్లవారుజామున దిగి సోమవారం సాయంత్రం మళ్ళీ అదే బండి ఎక్కాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో రెండు ఏసీ గదులు, ఒక్కోటి రోజుకి 1,900. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు వచ్చాయి, దాని సంగతి అంతే. సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ అన్నీ చూశాం, బాగున్నాయి, ఉక్కపోతకి చొక్కాలు పిండుకున్నాం. నిజం చెప్పాలంటే మేం వెళ్ళిందే తినడానికి, కాబట్టి తిండి గురించే రాస్తా.

మొదటి పూట బాగానే గడిచింది. ద్వారకానగర్‌లో సాయిరాం పార్లర్‌కి వెళ్ళాం. విశాఖలో టిఫిన్ ఎక్కడ అని ఎవర్నడిగినా ముందు వచ్చే పేర్లలో ఇదొకటి. జనం బాగా ఉన్నారు, కుర్చీ ఖాళీ అయ్యే దాకా తినేవాళ్ళ వెనక నిలబడాలి, సిగ్గుపడితే పని కాదు. ఉప్మా పెసరట్టు, ఇడ్లీ, పూరీ, కాఫీలు, అన్నీ కలిపి ఐదుగురికీ 540 అయింది. అత్తయ్య అల్లం చట్నీ రెండుసార్లు వేయించుకుంది. ఆవిడ రెండోసారి అడిగిందంటే ఆ హోటల్‌కి అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక మధ్యాహ్నం.

సముద్రం చేపలు తినాలని బావమరిది ఆర్నెల్ల నుంచి కలవరిస్తున్నాడు. ఫోన్లో చుక్కలు చూసి బీచ్ రోడ్డు వైపు ఒక ఏసీ రెస్టారెంట్ ఎంచాడు. 4.3 చుక్కలట, రెండు వేల మందికి పైగా మెచ్చుకున్నారట. పేరు రాయను, రాసి గొడవపడే ఓపిక లేదు. గాజు కిటికీలోంచి సముద్రం, టేబుల్ మీద మడత పెట్టిన గుడ్డ నాప్కిన్లు. అవి చూడగానే మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు, కానీ అప్పటికే కూర్చున్నాం.

మెనూలో అన్నిటికీ రేట్లున్నాయి, చందువాకీ కోనానికీ తప్ప. మనం వంజరం అనేదాన్నే అక్కడ కోనాం అంటారు. వాటి ఎదురుగా ‘ఏ.పీ.ఎస్.’ అని మూడక్షరాలు. ఏంటండీ ఇది అంటే యాజ్ పర్ సైజ్ సర్, సైజుని బట్టి అన్నాడు సర్వర్. కిలో ఎంత అంటే చెఫ్‌ని అడిగి చెప్తా సర్ అని వెళ్ళినవాడు రేటు తేలేదు, పళ్ళెంలో చేపని తెచ్చాడు. కింద ఐసు ముక్కలు, పక్కన నిమ్మచెక్క, పెళ్ళిచూపుల్లాగా.

శనివారం కాబట్టి అత్తయ్య నీచు ముట్టదు. దూరం నుంచే కళ్ళజోడు సవరించుకుని చూసింది. మా వైపు చెరువు చేపలే ఎక్కువ, రవ్వ, బొచ్చె, కొర్రమీను. అయినా చేప ఏదైతేనేం, చూసే చోట్లు రెండే కదా. కళ్ళు లోపలికి పోయాయి, మీద తెల్లటి పొర. "మొప్ప ఎత్తు బాబూ" అంది. అతను ఎత్తలేదు. "పొద్దున్నే హార్బర్ నుంచి వచ్చిందమ్మా" అన్నాడు. "నిన్నటిది కాదు, మొన్నటిది కూడా కాదు" అంది అత్తయ్య. బావమరిదికి తల తీసేసినట్టయింది. "అమ్మా, నువ్వు ఊరుకో" అని, చేయించేయండి అనేశాడు. కిలో రేటు నేను రెండోసారి అడగాల్సింది. అడగలేదు, పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నారని. మొహమాటం ఖరీదు ఎంతో ఆ రోజు తెలిసింది.

నలభై నిమిషాలకి వచ్చింది. ఎర్రగా, మీద కరివేపాకు చల్లి, ఫోటోకి బ్రహ్మాండంగా ఉంది, బావమరిది తీసి పెట్టేశాడు కూడా. తాజా చేపయితే వేలు ఆనించగానే పొరలు పొరలుగా విడిపోవాలి, ఇది దూదిలా పీచుపీచుగా వచ్చింది, నోట్లో ఉప్పూ మసాలా తప్ప ఇంకేం తగల్లేదు. పాప ఒక ముక్క తిని మంచినీళ్ళు అడిగింది. పీతల ఇగురు మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి, మిరియాలు దంచి వేశారు, డెక్కలు కొరికి కొరికి నా వేళ్ళు పసుపెక్కాయి. రొయ్యల వేపుడుకీ వంక పెట్టను.

బిల్లు: చందువా 1,980, రొయ్యల వేపుడు 460, పీతల ఇగురు 590, కోడి పులావులు రెండు 760, అత్తయ్యకి పెరుగన్నం 160, నీళ్ళ సీసాలు మూడు 120. మొత్తం 4,070. దాని కింద సర్వీస్ చార్జి పది శాతం, 407. ఆ కలిపినదాని మీద జీఎస్టీ 5 శాతం. చివరికి 4,701.

మా ఆవిడ బిల్లు చదివే మనిషి. కూరగాయల చీటీ కూడా రెండుసార్లు కూడుతుంది. సర్వీస్ చార్జి దగ్గర వేలు పెట్టి మేనేజర్‌ని పిలిపించింది. సిస్టంలో అలాగే వచ్చేస్తుంది మేడమ్ అన్నాడతను. హోటళ్ళు తమంతట తామే సర్వీస్ చార్జి బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు కూడా 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. ఈవిడ అవన్నీ ఏకరువు పెట్టలేదు. ఫోన్ తీసి "1915కి చేయమంటారా?" అంది, అంతే. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు, రాసిపెట్టుకోండి. ఐదు నిమిషాల్లో కొత్త బిల్లు వచ్చింది, 4,274. అంటే 427 రూపాయలు మిగిలాయి. చందువా సంగతి మాత్రం ఎవరూ ఏం చేయలేరు. బరువెంతో చూపించమంటే వండేశాక ఎలా సర్ అన్నాడు, అదీ నిజమే.

బయటికొచ్చాక ఎవరం మాట్లాడుకోలేదు. ఎండ మాడు మీద కొడుతోంది. బావమరిది ఆటో ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు, మాతో వెనక కూర్చోడట.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి లేకపోతే మా రోజు అలాగే ముగిసేది. మనం మరమరాలు, బొరుగులు అనేవాటిని అక్కడ మురీలు అంటారు. ఇది తినకుండా విశాఖ నుంచి వస్తే వెళ్ళనట్టే లెక్క, ఈ మాటకి నేను కట్టుబడి ఉంటా. తినడం కన్నా చేయడం చూడాలి. అతను ఉల్లిపాయని అరచేతిలోనే పట్టుకుని కత్తితో గళ్ళు గళ్ళుగా గాట్లు పెట్టి ఒక్కసారి అడ్డంగా కోస్తే సన్నటి ముక్కలు డబ్బాలో రాలాయి. వాటి మీద టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన పల్లీలు, గుప్పెడు కారప్పూస, ఏదో మసాలా నీళ్ళు ఒక చెంచా, నిమ్మకాయ పిండి, చివర్న మురీలు పోసి గరిటెతో డబ్బా అంచుకి టకటకలాడిస్తూ కలిపాడు. మురీలు ఎందుకు చివర్న అంటే ముందే వేస్తే మెత్తబడతాయి కదా సార్ అన్నాడు, ఇంత తెలియదా అన్నట్టు. కాగితం పొట్లం, చెంచా బదులు అట్టముక్క. నలభై రూపాయలు. ఉప్పుగాలి మొహాన కొడుతుంటే ఆ కరకర, ఆ పులుపు... రెండో పొట్లం అడిగేసరికి బావమరిది కూడా మాట కలిపాడు. పక్క బండి మీద టమాటా బజ్జీ యాభై. టమాటాని నిండుగా పిండిలో ముంచి వేయించి, నాలుగు చీలికలు చేసి మధ్యలో ఉల్లిపాయ కూరతారు. లోపల టమాటా నిప్పులా ఉంటుంది, తొందరపడి కొరికితే నాలుక కాలుతుంది, నాకు కాలింది. తొందరపడకండి.

బీచ్ దగ్గరే బొంగు చికెన్ అని బోర్డు చూసి మళ్ళీ టెంప్ట్ అయ్యాం, అరకిలో 380. వద్దు. బొంగు చికెన్ అంటే పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతి ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి, నూనె చుక్క అక్కర్లేదు, పచ్చి వెదురులో ఉన్న తడితోనే ఉడకాలి. మేం చూసిన బండి దగ్గర బొంగులు ఎండిపోయి గోధుమరంగులో ఉన్నాయి, ఎన్నిసార్లు కాల్చారో. చికెన్ ముందే ఉడికించి పోసినట్టు రసం కారింది. అది అరకులో తినాల్సిన వస్తువు. అరకు వెళ్ళే టైం లేకపోతే తినకండి, నష్టమేం లేదు.

ఆదివారం పొద్దున ఒక టిఫిన్ చోట వాసెన పోలి తిన్నాం. కుండ మూతికి కట్టే గుడ్డని వాసెన అంటారు, దాని మీద ఆవిరికి ఉడికించే కుడుముకి పాత తెలుగు పేరు అది. వీళ్ళు చిరుధాన్యాల పిండిని ఆకులో పొట్లంలా చుట్టి ఉడికిస్తారు. వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు తిని మెచ్చుకున్నారు, అప్పట్నుంచి పేరు మోగిపోయింది. ఆకు విప్పగానే వచ్చే ఆ పచ్చి వాసనకే నేను పడిపోయాను. ఇడ్లీ కోసం ఖమ్మం నుంచి రావాలా అన్నాడు బావమరిది, అని నాలుగు తిన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం జరిగిందే ఈ మూడు రోజుల్లో నాకు గుర్తుండిపోయేది. ఆటో ఎక్కి, చేపలు మంచివి ఎక్కడ దొరుకుతాయి అని డ్రైవర్ని ఊరికే అడిగాను. నిన్న చందువా తిన్నాం అని కూడా చెప్పాను, రేటుతో సహా. అతను బండి స్లో చేసి వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు వేట నేదు కదా బాబూ, సందువా ఎక్కడ్నుంచి వత్తాది?"

అప్పుడు తెలిసింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లూ మోటారు బోట్లూ సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం, ప్రభుత్వమే ఆపేస్తుంది. హార్బర్లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. మేం వెళ్ళింది మే రెండో వారం. అంటే ‘పొద్దున్నే హార్బర్ నుంచి’ అన్నమాట ఆ నెలంతా చెల్లని మాట! పడమటి తీరంలో అప్పటికి వేట ఉంటుంది, వాళ్ళకి నిషేధం జూన్, జులైల్లో, కాబట్టి అటునుంచి ఐసులో వచ్చుండొచ్చు కదా బావా అని బావమరిది వాదించాడు. వచ్చుండొచ్చు, ఆ మాట చెప్పి అమ్మితే నాకేం బాధ లేదు.

మోటారు లేని తెప్పలకి ఆ నిషేధం వర్తించదు. ఒడ్డుకి దగ్గర్లో వల వేసి తెచ్చే చిన్న చేపలు దొరుకుతాయి, నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు. డ్రైవర్ మమ్మల్ని పెద జాలరిపేట వైపు ఒక రేకుల షెడ్డు దగ్గర దింపాడు. ఆటోకి 120 తీసుకున్నాడు, ఐదుగురం కాబట్టి ఎక్కువ కాదు. బోర్డు లేదు, రెండు బెంచీలు, ఒక ఫ్యాను, అది కూడా వండే ఆవిడ వైపే తిరిగి ఉంది, న్యాయమే. మా ఆవిడ గుమ్మం దగ్గర కాస్త తటపటాయించింది. అత్తయ్య మాత్రం నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి మూత తీసి వాసన చూసి వచ్చి కూర్చుంది.

నెత్తళ్ళూ మామిడికాయా. వేసవిలో పుల్ల మామిడికాయ దొరుకుతుంది, చిన్న చేపలు దొరుకుతాయి, రెండూ కలిపి మట్టి దాకలో దగ్గరగా ఇగర్చారు. చిటికెన వేలంత చేపలు, తలలు గిల్లేసి, ముల్లుతో సహా తినేయడమే, ముల్లు ఉన్నట్టే తెలీదు. మామిడి ముక్క పూర్తిగా కరగదు, అన్నంలో కలిపేటప్పుడు వేలికి తగిలి నలుగుతుంది, అప్పుడు పులుపు దిగుతుంది. ఎక్కువ మసాలా లేదు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు, కారం, దించేముందు కాస్త పచ్చి నూనె చుట్టూ పోసింది, అది నేను కళ్ళారా చూశా. పక్కన కవళ్ళ పులుసు, చారు, మజ్జిగ. నేను మాట్లాడకుండా తింటున్నా. పాప ముళ్ళకి భయపడి అన్నం కెలుకుతుంటే వండే ఆవిడే వచ్చి "ఏటలా కెలుకుతున్నావమ్మా" అని రెండు నెత్తళ్ళు నలిపి ముద్ద చేసి నోట్లో పెట్టింది. పాప ఇంకో ముద్ద అడిగింది. ఇంట్లో చేపంటే ముక్కు మూసుకునే పిల్ల.

నాలుగు భోజనాలు 130 చొప్పున 520, కానాగంతల వేపుడు ఒక ప్లేటు 100. మొత్తం 620. నిన్నటి ఒక్క చందువా డబ్బుతో మేం ఐదుగురం ఇక్కడ మూడు పూటలు తినొచ్చు, ఇంకా 120 మిగులుతుంది, అది ఆటోకి సరిపోతుంది. ఈ లెక్క నేను పైకే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. బావమరిది చెయ్యి కడుక్కోడానికి లేచి చాలాసేపు రాలేదు.

రాత్రికి జగదాంబ సెంటర్ దగ్గర ఆల్ఫాలో బిర్యానీ కట్టించుకుని గదికి తెచ్చుకున్నాం. ఊళ్ళో పాత పేరున్న చోటు, పేరు ఊరికే రాలేదు.

సోమవారం పొద్దున సింహాచలం. దర్శనం ప్రశాంతంగా అయింది. పులిహోర ప్రసాదం గురించి వేరే చెప్పక్కర్లేదు, కొండ దిగేటప్పుడు మాత్రం ఆగి పనస తొనలు కొనండి. ఆ కొండల్లో పనస, అనాస, సంపెంగ బాగా పండుతాయి. డజను తొనలు అరవై చెప్పి యాభైకిచ్చాడు, బస్సంతా వాసన. మధ్యాహ్నం దసపల్లాలో శాకాహార భోజనం చేశాం, అత్తయ్య కోరిక. మెస్సు రేటుకి రాదు కానీ కూర్చోడానికి చల్లగా, కంగారు లేకుండా ఉంటుంది, వయసైన వాళ్ళని తీసుకెళ్తే అలాంటి చోటే మేలు. పప్పులో ఆవకాయ కలుపుకుని అత్తయ్య మొదటిసారి విశాఖ బాగుంది అంది. నెత్తళ్ళ గురించి మాత్రం ఆ షెడ్డులోనే అనాల్సింది అనేసింది.

మీరు వెళ్తే నేను చెప్పేది ఇంతే. వేట నిషేధం రోజుల్లో పెద్ద సముద్రపు చేప జోలికి పోకండి, చిన్న చేపలు తినండి. రొయ్యలకి ఈ బాధ లేదు, హోటళ్ళకి వచ్చేవి ఎక్కువ చెరువు రొయ్యలే. మిగతా నెలల్లో చందువా, కోనాం హాయిగా తినొచ్చు. కానీ కిలో రేటు ముందు చెప్పించుకోండి, పచ్చి చేపని మీ ఎదురుగా తూయించి ఆ బరువు చీటీ మీద రాయించుకోండి, మొప్పలు ఎత్తమనండి, ఎర్రగా లేకపోతే లేచి వచ్చేయండి. ఎత్తనంటే కూడా లేచి వచ్చేయండి. ఎవరైనా చూస్తే చూడనీయండి.

బండి ఎక్కేముందు కాంప్లెక్స్ దగ్గర మాడుగుల హల్వా అరకిలో 360కి కొన్నాం. గోధుమల్ని నానబెట్టి రుబ్బి తీసిన పాలతో చేస్తారు, నెయ్యి కారుతుంటుంది, చాకుతో కోసుకోవాలి. రుచి చూపించమని అడిగి కొనండి, ఆ పేరుతో అమ్మేవన్నీ అదే కాదు. మేం రెండు షాపులు వదిలేసి మూడో దాంట్లో తీసుకున్నాం.

రైలు తుని దాటాక పాప నిద్రపోయింది. నా ఫోన్ మోగింది, చూస్తే బావమరిది పై బెర్తు మీంచి డబ్బులు పంపాడు. 2,137 రూపాయలు. 4,274లో సరిగ్గా సగం. పైకి చూస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. వెనక్కి పంపేద్దామా అని మా ఆవిడని అడిగాను. హల్వా ముక్క నములుతూ, వద్దు, ఉంచుకో అంది.

ఉంచుకున్నాను.